కంచె ఈనిన కుక్క

ఆ ఉదయం ఆకాశం బూడిదరంగులో చేలమీద మోకాలెత్తు దాకా దిగివచ్చి ఆగింది. కుళ్లాయప్ప చేని కంచె ఈనింది. మబ్బు అంత కిందికి దిగిన రోజుల్లోనే ముళ్లతీగ ఈనుతుందని ఆ సీమలో చెనక్కాయ వేసే రైతులందరికీ తెలుసు. కుళ్లాయప్ప నోట్లో వేపపుల్ల తీయకుండానే ఒక గోనెపట్టా భుజాన వేసుకుని బయల్దేరాడు.

తూర్పుమూల కంచెకు పాతిన రాతికూసం దగ్గర, తుప్పు బాగా పట్టినచోట, కుక్కపిల్లలు కళ్లు మూసుకుని మెలికలు తిరుగుతున్నాయి. ఒంటినిండా తీగవెంట్రుకలు. పుట్టీపుట్టకముందే గడ్డమూ కనుబొమలూ ముసలివాళ్లకు మల్లే బిరుసుగా ఉన్నాయి. అతను పట్టాను నేలమీద ఈడుస్తూ నడిచాడు. ఒక పిల్ల వాసన చూసి ఊరుకుంది. ఇంకొకటి ముందుపళ్లతో కొరికి వదిలేసింది. మూడోది మాత్రం దవడ చివరి దాకా నోరు తెరిచి పట్టుకుని, అతను పట్టాను పైకెత్తితే తానూ గాలిలోకి లేచింది. కిక్కురుమనలేదు. దాన్ని చంకనబెట్టుకుని వచ్చాడు. మిగతావి ఎండెక్కేసరికి మళ్లీ కంచెలో కలిసిపోయాయి.

చెనక్కాయ పీకేలోగా కంచెల శాఖవారి పోటీలో నెగ్గని కుక్కను మళ్లీ తీగగా విప్పి, చుట్టగా చుట్టి, గోదాములో వేస్తారు. కిందటేడు కుళ్లాయప్ప కుక్క అలాగే పోయింది. అడవిపందులు చేనంతా తవ్వుకుపోయాయి. అతని భార్య సుంకులమ్మ ఆ ఏడంతా ఊరివాళ్ల చేలలో కూలికి పోయింది. ఈసారీ కుక్క పోతే చేను అమ్ముకోవాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. 

పోటీలో పని తేలికే. దొంగగా నిలబెట్టిన మనిషి పరుగెత్తితే కుక్క అతని చేతి తొడుగును పట్టాలి. నిలబడితే కరవకుండా ఎదుట నిలిచి మొరగాలి. యజమాని మాట విని వదిలేయాలి. పందుల సంగతి నియమాల్లో ఎక్కడా లేదు. కుళ్లాయప్ప ఆ మాటే అడిగితే శాఖ ఇన్‌స్పెక్టరు మర్యాదగానే జవాబిచ్చాడు.

"పందులకు చేతులుండవు గదప్పా. తొడుగు యాడ తొడగల్ల?"

ఊళ్లో దొంగ లేడు. కంచె ఉన్నవాడు దొంగగా నిలబడితే చెల్లదు. కంచె లేనివాడు సుంకులమ్మ తమ్ముడు పోతులయ్య ఒక్కడే. బావుల్లో పూడిక తీసి, పొద్దుగూకితే అక్క ఇంట్లో తిని, అరుగుమీద పడుకునేవాడు. తానేం దొంగిలించాలని అతను అడిగాడు. ఏమీ వద్దు, ఉరికితే చాలునన్నాడు కుళ్లాయప్ప. పోతులయ్య నవ్వుతూ ఒప్పుకున్నాడు.

వరిగడ్డి కూరిన గోనెతొడుగు చేతికి వేసుకుని అతను రోజూ తెల్లారకముందే మబ్బులో పరుగెత్తేవాడు. కుక్క తొడుగును గుంజుకుని, పెళ్లికొడుకును ఊరేగించినట్టు దాన్ని చేను చుట్టూ తిప్పి తెచ్చేది. పక్క ఊళ్లవాళ్లు దొంగలను మార్చుకుంటారు. లేకపోతే కుక్క దొంగతనాన్ని వదిలేసి మనిషిని నేర్చుకుంటుంది. కుళ్లాయప్పకు ఇది తెలియక కాదు. పరాయి దొంగ వస్తే బస్సు ఛార్జీ ఇవ్వాలి, వేరే బువ్వ వండాలి. పోతులయ్య ఎట్లాగూ ఇంట్లో తినేవాడే.

కొన్నాళ్లకు కుక్కకు తొడుగు అక్కర్లేకపోయింది. పోతులయ్య అరుగు దిగితే చాలు, వచ్చి ఎదుట నిలిచేది. ఆ తరువాత ఊరికీ తొడుగు అక్కర్లేకపోయింది. అతను వీధిలో వస్తుంటే ఆడవాళ్లు ఆరేసిన చీరలు తీసి లోపల వేసేవారు. కొట్టు శెట్టి మునుపటిలాగే పలకరించేవాడు, కాకపోతే గల్లాపెట్టె మూత వేసి. ఎవరూ ఒక్క మాట అనలేదు. పోతులయ్యకే నడక మారింది. గోడవారగా, వెనక్కి చూసుకుంటూ పోయేవాడు.

"నీ తప్పేం లేదులేరా," అంది సుంకులమ్మ ఒకరోజు.

"తెల్సులే అక్కా. యెవురో ఒకరుండల్ల గదా."

పోటీనాడు కుక్క తడబడలేదు. మైదానం నడుమ పోతులయ్యను నిలబెట్టి, గుండెకు ఎదురుగా మొరిగింది. కుళ్లాయప్ప వదలమన్నాడు. కుక్క ఆ క్షణమే నోరు మూసుకుని వచ్చి అతని కాలి పక్కన కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పోతులయ్య మాత్రం రెండు చేతులూ ఎత్తి అలాగే నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, దొంగ కూడా బాగా తయారయ్యాడని ఇంకో రెండు మార్కులు వేశాడు. కుక్క నిలిచింది. చేను నిలిచింది. కుళ్లాయప్ప పోయి భుజం పట్టుకుని నడిపించేదాకా పోతులయ్య చేతులు దించలేదు.

సాయంత్రం సుంకులమ్మ చేని దగ్గరికే సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చింది. పోతులయ్య కంచె దాటలేదు. బయటే గొంతుక్కూర్చున్నాడు.

"లోపలికి రారా," అన్నాడు కుళ్లాయప్ప.

"ఒద్దులే బావా. నేనీడుంటే కుక్కకూ నిమ్మళం."

సుంకులమ్మ తమ్ముడి గిన్నెను తీగల సందులోంచి అందించింది. కుక్కకూ ఒక ముద్ద వేసింది. మబ్బు మళ్లీ కిందికి దిగుతోంది. చేని నడుమ పందులు కాయలు తవ్వుతున్న చప్పుడు మెత్తగా, దగ్గరగా వినిపిస్తోంది. కుక్క అటు చెవి కూడా తిప్పలేదు. గిన్నెలోంచి నోటికి పోతున్న పోతులయ్య చేతినే చూస్తోంది. కాసేపటికి, తానూ ఆ చేతినే చూస్తున్నానని కుళ్లాయప్పకు తెలిసింది. చూపు తిప్పుకోలేదు. చీకటి పడేదాకా అందరూ తింటూ కూర్చున్నారు.