గాయం లేని చేతులు

సంస్థ చరిత్రలో కనీ వినీ ఎరుగని ఘోరం సోమవారం పొద్దున బయటపడింది: అద్దాల బీరువాలో ఉన్న రక్షణ బూట్లను ఎవరో వేసుకున్నారు.

మొదట చూసింది భద్రతాధికారే. ఎడమ బూటు ముందువైపు గేరు రాడ్డు ఒరుసుకున్న చార. పక్కనున్న గ్లవుజుల అరచేతుల దగ్గర తోలు చెక్కుకుపోయింది. ఎలుక పనేమోనని కాసేపు ఆశపడ్డాడు గానీ, ఎలుకలు గేర్లు మారుస్తాయని ఎక్కడా లేదు. మధ్యాహ్నం పెద్దాఫీసు తనిఖీ. బూట్లు మచ్చ లేకుండా కనిపిస్తే ప్రమోషను, లేకపోతే ఇంటికే.

ఆ జతను ఎంచడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. బండ్ల మీద పార్సిళ్లు పంచేవాళ్ల కోసం ఎంపిక సంఘం వేశాడు. (సభ్యుల్లో ఎవరికీ బండి నడపడం రాదు. పక్షపాతం ఉండకూడదు కదా.) బూట్లు చీలమండ దాటి కప్పాలని, తడి రోడ్డు మీద జారకూడదని తీర్మానించి, తివాచీ మీద నడిచి చూశారు. ఒక్కరూ జారలేదు. గ్లవుజులు తొడుక్కుని తీర్మానం మీద సంతకాలు చేశారు. ఒకాయన సంతకం మునుపటికన్నా బాగా కుదిరింది.

ఆపైన నియమం వచ్చింది: ప్రమాదం జరిగినట్టు గాయం చూపించినవారికే బూట్లు, గ్లవుజులు ఇవ్వబడును. (లేకపోతే ఊరికే అరిగిపోతాయి.) గాయాలతో చాలామందే వచ్చారు. కట్ల మీదికి గ్లవుజులు ఎక్కక తిరిగి వెళ్లారు. కాబట్టి జత నిన్నటిదాకా కొత్తగా మెరుస్తూనే ఉంది.

భద్రతాధికారి అందరినీ వరసలో నిలబెట్టి చేతులు చాపమన్నాడు. తోలు లేచిన చేతులు, కుట్లు పడ్డ చేతులు, పిండికట్టులో ఓ చెయ్యి. అందరూ నిర్దోషులే. వరస చివర మాత్రం రెండు చేతులు నున్నగా, నిగనిగలాడుతూ కనిపించాయి. తలెత్తి చూస్తే సొంత బామ్మర్ది.

"నీ చేతులకేం కాలేదేంట్రా?"

"బావగారి చలవండీ," అని వరసలోంచి ఎవరో అందించారు.

ఆయన వాణ్ణి గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశాడు. తన ఉద్యోగం గాల్లో ఉందన్నాడు. వాడిది ఎలాగూ ఊడిందన్నాడు. సాయంత్రం ఇంటికెళ్లి మీ అక్కకు ఏం చెప్పమంటావని అడిగాడు. ఆఖరికి బతిమాలుకున్నాడు: మోచెయ్యో, మోకాలో, ఎక్కడో ఒకచోట చిన్న గీతైనా చూపిస్తే నియమం కింద సర్దేస్తానని.

బామ్మర్ది చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. ప్యాంటు మోకాళ్ల దాకా లాగి చూపించాడు. తర్వాత తల దించుకున్నాడు.

"వేసుకుంది నేనే బావా. ఆదివారం మీకు సెలవు, మాకు లేదు. వాన కురుస్తుంటే భయమేసి, మీ ఫ్రిజ్ మీదున్న బీరువా తాళంచెవి తీశాను. మలుపులో బండి జారింది. రెండు చేతులూ రోడ్డుకి ఆనించి పడ్డాను, కాలు బండి కింద ఇరుక్కుంది. వెనకాల లారీవాడు బ్రేకు వేసి, నేను పోయాననుకున్నాడు. లేచి చూసుకుంటే ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. అప్పుడే అనుకున్నాను బావా, ఇక దొరికిపోయినట్టేనని."