నలభై పుట్టగొడుగులు, ఒకే జవాబు

ఐర్లండ్‌లోని డ్రోహెడా పరిసరాల్లో ఏరిన నలభై రకాల అడవి పుట్టగొడుగులూ, పోలిక కోసం సూపర్‌మార్కెట్లో కొన్న ఒక మామూలు బటన్ పుట్టగొడుగూ, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైమును సరిగ్గా తొంభై ఒక్క శాతం అడ్డుకుంటున్నాయని 2020 నవంబరులో తేలడంతో, మానవజాతి మధుమేహం సమస్య ఒక బుధవారం మధ్యాహ్నం పరిష్కారమైపోయింది.

గురువారం విచారణ మొదలైంది.

పరిశోధకురాలు సుధేష్ణ. లాక్‌డౌన్ నిబంధనల ప్రకారం ఆమె ఇంటికి ఐదు కిలోమీటర్ల లోపు మొలిచినవాటినే ఏరాలి (ఆరో కిలోమీటరులో మొలిచినవి విజ్ఞానశాస్త్రానికి పనికిరావు). వాటిని ఇంట్లోనే ఎండబెట్టి, యాప్‌లో నమోదు చేసి, ప్రయోగశాలకు పంపాలి. ఎండబెట్టడం, నమోదు చేయడం మామగారు కామేశ్వరరావు తీసుకున్నారు. విమానాలు ఆగిపోయి ఏడు నెలలుగా ఆయన ఇక్కడే ఉండిపోయారు. (తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఖాళీ గడి కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు.)

నమూనాల నిజాయితీ విభాగం అధికారిణి డెర్వ్లా జూమ్‌లో ప్రత్యక్షమై, మిగతాదంతా ‘గ్రాండ్’, అంటే బాగానే ఉంది, అన్నారు. కాకపోతే నలభై ఒక్క అంకెలూ ఒకేలా ఉంటే అవి కొలిచినవి కావనీ, కూర్చుని రాసుకున్నవనీ ఏడో నిబంధన చెబుతోందట. శుక్రవారంలోగా కారణం దొరక్కపోతే సుధేష్ణ కాంట్రాక్టు పొడిగించరు.

నమూనాల రంగు చూసి ఎవరికీ అనుమానం రాలేదా? యాప్‌లో రంగుకు తెలుపు, గోధుమ, ఇతర అని మూడే గడులు. నలభై ఒకటీ ‘ఇతర’. ‘ఇతర’ను పరిశీలించే కమిటీ మార్చి తర్వాత సమావేశం కాలేదు.

అంకెలు తాను మార్చలేదని సుధేష్ణ మూడోసారి చెబుతుండగా మామగారు వంటింట్లోంచి వచ్చారు.

“నువ్వుండమ్మాయ్,” అని కెమెరా ముందు కూర్చున్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి దిగిపోయారు. సుధేష్ణ అనువదించింది.

“చేసింది నేనేనమ్మా. ఈ కరోనా వచ్చాక పాలడబ్బాని కూడా పసుపునీళ్లలో ముంచకుండా ఇంట్లోకి రానివ్వలేదు. లీటరుకి రెండు చెంచాలు, కొలత తప్పలేదు. మీ ఎంజైముని ఆపుతున్నది ఆ పసుపే అయ్యుంటుంది. అయినా మొదటి పుట్టగొడుగుని కడక్కుండానే ఎండబెట్టాను. మీ యాప్ ‘క్రిమిరహితం చేశారా’ అనడిగింది. లేదని నొక్కితే ముందుకి కదల్లేదు. ముప్పైమూడేళ్లు సర్కారు కొలువు చేసినవాణ్ణి, అబద్ధం నొక్కలేక నిజంగానే కడిగి అవునన్నాను. దేంతో అని మీరు ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే ఆ గడి కూడా నింపేవాణ్ణి.”