మా ఆవిడ వానకోటు

చేమాకు నెత్తిన పెట్టుకుని వచ్చానని నవ్వుతున్నారు కదా, నవ్వండి. యంగోనా కషాయం గిన్నె చుట్టూ వెచ్చగా కూర్చున్నవాళ్ళకి ఇంకొకడి తడిసిన చొక్కాని మించిన కాలక్షేపం ఏముంటుంది? కానీ “పెనియాసీ, నీ వానకోటు ఏదోయ్” అని అడిగిన పాపానికి, మొత్తం వినేదాకా ఒక్కణ్ణీ లేవనివ్వను.

మన సువా పట్నంలో ఏడాదికి రెండే కాలాలు. ఒకటి వానాకాలం, రెండోది వానలు మరీ ఎక్కువగా ఉండే కాలం. నా ఉద్యోగమా, రేవులో సరుకు దింపించడం. ఓడ ఏనాడూ ఎండలో వచ్చిన పాపాన పోలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా వీపు పొడిగా ఉండగా మా ఆవిడ మెరెసేని చూసి ఎరగదు.

అలాంటివాడికి, క్రిస్మస్ ముందు ఒక విదేశీ ఓడ వంటవాడు పాదాలదాకా దిగే పసుపుపచ్చ వానకోటు చూపించాడు. టోపీ కూడా దానికే కుట్టి ఉంది. బదులుగా వాడికి తాజా మాంసం కావాలట. మా పెరట్లో పంది ఉంది. ఇంకేం ఆలోచిస్తాను? ఇచ్చేశాను.

ఆ పంది మెరెసేనిది. పిల్లగా ఉన్నప్పటినుంచీ చేత్తో తినిపించి పెంచింది. కందావు దీవిలో ఆవిడ తమ్ముడు ఇలాయితియా కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు, ఆ విందుకి పందిని తోలుకెళ్ళి పుట్టింట్లో పరువుగా తలెత్తుకోవాలని ఆవిడ ఆశ. ఆ సాయంత్రం పెరట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“పంది ఏది?”

“కోటయింది” అన్నాను.

“విందుకి నేనిప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?”

“నేనున్నానుగా” అన్నాను, నవ్విద్దామని.

“మిమ్మల్ని పొయ్యిలో పెడతామంటే వాళ్ళు ఒప్పుకోవద్దూ” అంది. ఆలోచిస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అరిచే భార్యతో ఎలాగో బతకొచ్చు గాని, ఆలోచించే భార్యతో మహా కష్టం.

ఫిబ్రవరి రాగానే కందావు బయల్దేరదామంది. బుద్ధున్నవాడెవడూ ఫిబ్రవరిలో కందావు వెళ్ళడు. ఆ నెలలో అక్కడి చేపలకి కూడా తడి మీద విసుగు పుడుతుంది. జూలైలో వెళ్దామన్నాను. ఇల్లు ఇప్పుడు కడుతున్నారంది. వానల్లో ఇల్లెవరు కడతారన్నాను. పాత ఇల్లు కారేవాళ్ళు కడతారంది.

“తడిసి ముద్దయిపోతామే.”

“మీకేం, నా పందిని కప్పుకుంటారుగా.”

నిజంగానే కప్పుకున్నాను. పడవలో మెరెసేని ఒక చాప నెత్తిన పట్టుకుని వణుకుతుంటే, నేను కోటులో మహారాజులా కూర్చున్నాను. ఒళ్ళు పొడిగానే ఉంది గాని కోటు అంచు మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకునే ఉన్నాను. కారణం ఇలాయితియా.

ఆ మహానుభావుడి కన్ను పడిన వస్తువు మనతో తిరిగి రాదు. చుట్టం నోరు తెరిచి “కెరెకెరె”, నాకిచ్చెయ్యి అన్నాక లేదనడం మనలో లేదు, మనసులో తిట్టుకోవడం ఒక్కటే ఉంది. ఒకసారి చేతిగడియారం అడిగాడు, ఇచ్చాను. ఒకసారి రేడియో. ఇంకోసారి నడుముకున్న బెల్టు అడిగితే, లాగు చేత్తో పట్టుకుని సువాదాకా వచ్చాను. నా పెట్టెలో కన్నా వాడి ఒంటి మీదే నా సామాను ఎక్కువ. నా కోటు ఒక్క పూట కూడా నిలవదని నాకు తెలుసు.

అప్పుడు పడవలో నాకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మనం సువా నీళ్ళు తాగి మరిచిపోయాం గాని, కందావులో అక్కాతమ్ముళ్ళ మర్యాద ఇంకా పాత పద్ధతే. ఎదిగాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అక్క బట్టని తమ్ముడు వేలితో తాకడు, అక్క సొత్తుని తమ్ముడు నోటితో అడగడు. ఏమైనా చెప్పాలంటే మధ్యలో నేనే దిక్కు.

“బావా, పులుసులో ఉప్పు తక్కువైందని మా అక్కతో చెప్పు” అంటాడు వాడు, ఆవిడ మూరెడు దూరంలో కూర్చుని ఉండగా.

“ఉప్పు ఎక్కువ తింటే నోరు పెరుగుతుందని మీ బావమరిదితో చెప్పండి” అంటుంది ఆవిడ. నడుమ నేను టెలిఫోను తీగలా ఇద్దరికీ మోస్తుంటాను. వాడి భార్య సులియానాతో నా బతుకూ అంతే. బావమరిది పెళ్ళాం చెల్లెలి వరస కాబట్టి, నన్ను చూస్తే ఆ పిల్ల మొహం తిప్పుకుని పోతుంది. మంచినీళ్ళు కూడా ఇంకొకరి చేత పంపిస్తుంది.

పడవ దిగాం. పెద్దల ముందు యంగోనా వేళ్ళ కట్ట పెట్టి, ఊళ్ళో అడుగుపెట్టడానికి అనుమతి అడిగాను. వాళ్ళు చప్పట్లు చరిచి స్వీకరించారో లేదో, ఇలాయితియా చెయ్యి నా కోటు అంచు మీదకి పాకుతూ వచ్చింది.

“బావా, ఏం కోటు, ఏం కోటు. కెరె…”

“మీ అక్కది” అన్నాను.

వాడు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యి అలా వెనక్కి పోవడం చూసినప్పుడు కలిగిన ఆనందం, నా పెళ్ళిలో కూడా కలగలేదు. మెరెసేని నావైపు ఒక్కసారి చూసింది. “అవును, నాదే” అంది నెమ్మదిగా, ఊరంతా వినేటట్టు. నాకు సాయం చేసిందనుకున్నాను. నా అంత వెర్రివాడు ఇంకొకడున్నాడా?

మరునాటినుంచీ చూడండి నా భోగం. ఆ ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆవిడకి అన్నదమ్ముల వరస. కోటు తగిలితే తప్పని, నేను ఏ చూరు కిందకి వెళ్తే అక్కణ్ణుంచి లేచి వానలోకి పోయేవాళ్ళు. కొత్త ఇంటికి దూలం మోయడానికి వెళ్ళాను. నేను ఒక కొస ఎత్తగానే, రెండో కొస దగ్గరున్నవాళ్ళంతా మర్యాదగా తప్పుకున్నారు. ఆ కొండంత దూలాన్ని బురదలో ఒక్కణ్ణే ఈడ్చాను.

మిగతా సగంమంది ఆవిడకి బావల వరస. వాళ్ళ నోళ్ళకి అడ్డేముంది? “మెరెసేనీ, మీ ఆయన బాగున్నాడా?” అని నన్నే అడిగారు. యంగోనా చిప్ప మగాళ్ళందరికీ తిరిగాక నా దగ్గరకొచ్చింది, ఆడబట్ట కట్టుకున్నవాళ్ళు ఆఖరునట. చివరికి ఆడవాళ్ళు నా చేతిలో వల పెట్టి, తమతో చేపలకి రమ్మన్నారు. వెళ్ళాను కూడా. మొల లోతు సముద్రంలో నిలబడ్డవాడికి వానకోటు ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

కోటు విప్పేద్దామంటే, అది తగిలించిన గుంజ దగ్గరకి ఇలాయితియా రాడు. గుంజ ఉన్నది వాడి ఇంట్లో. పాపం, వాడు తన ఇంట్లో తానే గోడ వారగా పీతలా నడిచేవాడు. కోటుని వంటపాకలో ఆడవాళ్ళ బట్టల మధ్య పెట్టమని సులియానా కబురు పంపింది. సరేనని అక్కడే పెట్టాను. మేకని తీసుకెళ్ళి పులికి అప్పగించానని అప్పుడు తెలియలేదు.

ఇల్లు లేచింది, విందు ముగిసింది, వాన ముగియలేదు. పడవ వచ్చిన రోజున వంటపాకకి వెళ్తే కోటు లేదు. ఒడ్డుకి పరిగెత్తాను. అక్కడ ఇలాయితియా నిలబడి ఉన్నాడు, పాదాలదాకా పసుపుపచ్చగా, చుక్క నీరు అంటకుండా. మెరెసేని పక్కనే చాప కప్పుకుని కూర్చుని ఉంది.

“నా కోటు” అన్నాను.

“ఎవరి కోటు?” అంది మెరెసేని. “నా కోటుని సులియానా కెరెకెరె అని అడిగింది. మరదలు నోరు తెరిచి అడిగితే లేదంటానా? ఇచ్చాను.”

“వెనక్కి అడుగు.”

“ఇచ్చింది అడగడమా? పంది లేకుండా వచ్చిన పరువుతక్కువ చాలదూ?”

సరే, నేనే తేల్చుకుందామని బావమరిది వైపు తిరిగాను. సిగ్గు విడిచి, జన్మలో మొదటిసారి వాడి దగ్గర చెయ్యి చాపి, “కెరెకెరె” అన్నాను. వాడు కోటుని ప్రేమగా నిమిరాడు.

“నాదైతే ఈ క్షణమే ఇచ్చేవాణ్ణి బావా. ఇది మా ఆవిడది. వానగా ఉందని కప్పుకున్నాను అంతే. కావాలంటే ఆవిణ్ణే అడుగు.”

సులియానా కొంచెం దూరంలోనే ఉంది. నేను తలెత్తగానే మొహం తిప్పుకుంది. చెల్లెలు. చెల్లెలి సొత్తు నోటితో అడగకూడదు, బట్ట చేత్తో తాకకూడదు. ఊరంతా నావైపే చూస్తోంది. చాపిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక, ఆ చేత్తోనే అందరికీ వీడ్కోలు చెప్పి పడవెక్కాను.

నడిసముద్రంలో వాన దంచుతుంటే, ఆ చాప కింద నాకూ కాస్త చోటివ్వమని బతిమాలాను. చాపలోంచి ఏదో గుర్రుమంది. మెరెసేని అంచు కొంచెం ఎత్తి చూపించింది. చిన్న పందిపిల్ల, వెచ్చగా, పొడిగా పడుకుని ఉంది.

“మీకు చోటిస్తే దీనికి జలుబు చేస్తుంది” అంది.

పోనీలే, కోటు పోయినా పంది వచ్చింది కదా అని సరిపెట్టుకున్నాను. అసలు మాట మీ దగ్గర దాచడమెందుకు? నిన్న ఆ వంటవాడి ఓడ మళ్ళీ రేవుకొచ్చింది. వాడి దగ్గర ఇంకో కోటుంది, ఈసారి నీలంది. ఇంటికెళ్ళి పెరట్లో పందిపిల్ల ఎంత ఎదిగిందో ఊరికే ఒకసారి చూద్దామని వంగాను. మెరెసేని వంటింటి గుమ్మంలోంచే అంది:

“చెయ్యి వెయ్యకండి. అది నాది కాదు. సులియానా పెంచమని ఇచ్చింది. మీ చెల్లెలి సొత్తు.”