గోలీని ఇచ్చేయమన్న స్టాన్

జనవరిలో మార్పిళ్ళ గడువు రోజు వచ్చిందంటే హార్ట్‌వెల్ ఊళ్ళో మగవాళ్ళకు వేరే పని ఉండదు. మధ్యాహ్నం మూడు లోపల ఏ ఆటగాణ్ణి ఏ జట్టుకిచ్చి ఎవర్ని తెచ్చుకోవాలో ఐస్ హాకీ జట్టు మేనేజరుకు తెలియకపోవచ్చు గానీ, డోనట్ల కొట్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఆ బుధవారం పొద్దున్న ఓరెస్ట్ బాబిక్ కూడా అందరిలాగే ఓ ప్రణాళిక వేసుకున్నాడు. కొట్టుకెళ్ళి కాఫీ తాగాలి, బావమరిది మార్విన్‌తో వాదించి గెలవాలి, ఇంటికొచ్చి రేడియో పక్కన చేరాలి. పోస్టాఫీసు ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషికి అంతకన్నా నిండైన రోజు ఉండదు.

వాదనలో ఓరెస్ట్‌ది ఒకటే సిద్ధాంతం. మన బ్యాడ్జర్స్ జట్టు బాగుపడాలంటే గోలు కాసే గోలీ కీగన్‌ని ఎవరికైనా ఇచ్చేసి, అల్బర్టా జట్టులో ఉన్న కోజాక్ లాంటి గట్టి డిఫెన్సు ఆటగాణ్ణి తెచ్చుకోవాలి. సిద్ధాంతానికి వంక పెట్టలేం. చిక్కల్లా ఆ కీగన్ ఉండేది ఓరెస్ట్ ఇంట్లోనే. పై ఊళ్ళ నుంచి ఆడటానికొచ్చిన కుర్రాళ్ళను ఊరివాళ్ళే తలా ఒకర్ని ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టడం అక్కడ మామూలు. కీగన్‌కి పంతొమ్మిదేళ్ళు. పడమటి సముద్రం ఒడ్డున చేపల రేవులో పుట్టినవాడు. అప్పటికే రెండు జట్లు వాణ్ణి ఇచ్చేశాయి. మూడో ఊళ్ళో, ఓరెస్ట్ ఇంటి కింది గదిలో, రెండేళ్ళుగా కుదురుగా ఉన్నాడు. పిల్లల్లేని ఓరెస్ట్ భార్య డార్లీన్‌కు వాడు ఆడినా ఆడకపోయినా ఒకటే, సాయంత్రానికి ఇంటికొస్తే చాలు.

ఓరెస్ట్ మనసులో మాట ఇంట్లో చెప్పలేడు, కడుపులో దాచుకోలేడు. అందుకని ఊరి రేడియోలో కోలీన్ నడిపే అభిమానుల కార్యక్రమానికి ఫోన్ చేసి, గొంతు కాస్త బొంగురు చేసి, "నేను స్టాన్‌ని, ఊరవతల పొలం నుంచి మాట్లాడుతున్నా" అని మొదలుపెట్టేవాడు. "ఆ గోలీకి ఎడమ భుజం మీదుగా గోలు కాదు, బస్సు పోయినా కనపడదమ్మా. మంచి బేరం వచ్చినప్పుడే వదిలించుకోవాలి" అనేవాడు. ఆకులు రాలే రోజుల నుంచీ ఇదే పాట. స్టాన్ అన్నాడంటే అందులో విషయం ఉంటుందని జనం అనుకునే దాకా వచ్చింది. ఫోన్ పెట్టేసి లోపలికొచ్చి, అదే గోలీ పళ్ళెంలో ఆలుగడ్డ కూరిన పెరోగీలు ఇంకో రెండు వడ్డించేవాడు ఓరెస్ట్. ఈ రెండు పనులకూ ఎక్కడో పడదని ఆయనకు ఏనాడూ తోచలేదు.

డార్లీన్ చెవిన పడకుండా ఈ ఫోన్లన్నీ కారు షెడ్డులోంచే. గడువుకు ముందు సాయంత్రం చలి ఎముకలు కొరికేస్తోంది. షెడ్డులో చిన్న హీటరు పెట్టుకుందామంటే ప్లగ్గు ఖాళీ లేదు, బయట నిలిపిన కీగన్ కారు తీగ అందులో ఉంది. ఆ ఊళ్ళో చలికాలం రాత్రిళ్ళు కారుకు కరెంటు తీగ తగిలించకపోతే తెల్లారేసరికి ఇంజను బండరాయిలా బిగుసుకుపోతుంది. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కాసేపేగా అని ఓరెస్ట్ తీగ పీకి హీటరు పెట్టుకున్నాడు. స్టాన్ ఆ సాయంత్రం పూనకం వచ్చినట్టు మాట్లాడాడు. ఆ ఊపులో ఫోను షెడ్డు బల్ల మీదే వదిలేసి, హీటరు మీట నొక్కి ఆపేసి, తీగ మాట మరిచిపోయి, లోపలికొచ్చి సుఖంగా నిద్రపోయాడు.

పొద్దున్న డార్లీన్ తన కారులో పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగానికి వెళ్ళింది. ఓరెస్ట్ వీధి చివరి కొట్టుకు నడిచి వెళ్ళి, రెండో కాఫీ మొదలుపెట్టాడు. అప్పుడు మార్విన్ మంచు దులుపుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంటి బావా, ఇంత తీరిగ్గా కూర్చున్నావ్? మీ ఇంట్లో పిల్లాణ్ణి ఇచ్చేశారటగా?"

"ఎవడ్రా చెప్పింది?"

"ఒకడు చెప్పేదేంటి, రింకు నుంచే వస్తున్నా. ప్రాక్టీసులో కీగన్ లేడు. గడువు రోజు ఆటగాడు మంచు మీదకి రాలేదంటే ఏంటర్థం? పోస్టాఫీసులో ఇన్నేళ్ళు చేశావు, ఆ మాత్రం తెలీదా?"

పోస్టాఫీసుకూ దానికీ ఏం సంబంధమో గానీ, అర్థం మాత్రం ఊళ్ళో అందరికీ తెలుసు. ఇచ్చేయబోయే ఆటగాడికి ఆఖరి నిమిషంలో దెబ్బ తగిలితే బేరం చెడుతుందని ఆ పూట వాణ్ణి ఆటకు దింపరు.

"వస్తూ వస్తూ మీ ఇంటి మీదుగా వచ్చా" అన్నాడు మార్విన్. "మెట్ల మీద వాడి సంచీ ఉంది. గోలీ సంచీ దున్నపోతంత ఉంటుంది, పొరపాటు పడేదేం లేదు. ఇంకేం బావా, నువ్వన్నట్టే అయింది. పార్టీ ఎప్పుడు?"

పక్క బల్లలవాళ్ళు కుర్చీలు ఇటు లాక్కున్నారు. కోజాక్ వస్తాడని ఒకరు, కోజాక్‌కి మోకాలు బాగోలేదని ఇంకొకరు, మోకాలు బాగోలేని కోజాక్ అయినా మన డిఫెన్సు కంటే నయమేనని మరొకరు. స్టాన్ ముందే చెప్పాడని అందరూ ఒప్పుకున్నారు. మూడు నెలల వాదన గెలిచిన ఓరెస్ట్ మాత్రం కోటు అందుకున్నాడు. సాయంత్రం ఆ కింది గది ఖాళీగా ఉంటుందన్న ముక్క ఇంతవరకూ ఆయన సిద్ధాంతంలో ఎక్కడా లేదు. కాఫీ సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

ఈలోపు ఇంటి దగ్గర జరగాల్సింది జరుగుతోంది. కారు కదలక కీగన్ ఓరెస్ట్‌కి ఎన్నోసార్లు ఫోన్ చేశాడు. ఎత్తేవాడు లేడు. కోచ్‌కి చేస్తే, ఆయన గడువు తలనొప్పిలో ఉండి, "సరే, మధ్యాహ్నం రా" అని పెట్టేశాడు. సంచీ మెట్ల మీదే వదిలి కీగన్ లోపలికొచ్చి కూర్చున్నాడు. అంతలో ఊళ్ళో పాకిన కబురు విని పక్కింటి ఫ్రీసెన్ ముసలమ్మ అన్నం కూరిన క్యాబేజీ చుట్టల గిన్నెతో వచ్చి, వాణ్ణి రెండు బుగ్గలా ముద్దుపెట్టుకుని, "దారిలో తిను నాయనా, ఆ అల్బర్టాలో ఏం పెడతారో ఏంటో" అని కళ్ళొత్తుకుంది. ఆవిడ వెనకే ఎదురింటివాళ్ళు ఉన్ని మేజోళ్ళు తెచ్చారు. ఇంతకుముందు రెండు ఊళ్ళలోనూ కీగన్‌కి తను వెళ్ళిపోతున్న సంగతి ఆఖర్న తెలిసింది. ఇప్పుడూ అంతేననుకుని నోరెత్తకుండా కిందికి దిగి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఓరెస్ట్ వచ్చేసరికి పెట్టె కట్టి ఉంది. పెట్టె కట్టాడంటే ఇచ్చేసినట్టేనని ఓరెస్ట్ అనుకున్నాడు. ముసలాయన మొహం వేలాడేసుకుని వచ్చాడంటే ఇచ్చేసినట్టేనని కీగన్ అనుకున్నాడు.

"మీకు ముందే తెలుసా బాబిక్‌గారూ?"

"నాకెలా తెలుస్తుందిరా? మేనేజరు నీకేమన్నాడు?"

"నాకు ఫోనే చెయ్యలేదు. ఫ్రీసెన్ మామ్మ చెప్పింది."

"మరి ప్రాక్టీసుకెందుకు వెళ్ళలేదు?"

"కారు కదల్లేదు. మీకు చేస్తే మీరు ఎత్తలేదు."

ఓరెస్ట్ షెడ్డులోకి వెళ్ళాడు. బల్ల మీద ఫోను ఉంది. ప్లగ్గులో హీటరు ఉంది. కీగన్ కారు తీగ కింద చచ్చిన పాములా పడి ఉంది. ఆయన కాసేపు ఆ తీగనే చూస్తూ నిలబడి, మేనేజరు మెక్‌ఫీకి ఫోన్ చేశాడు.

"మెక్‌ఫీ, కీగన్‌ని ఇచ్చేశావా?"

"లేదయ్యా. పొద్దున్న దాకా నాకా ఆలోచనే లేదు. ఊరంతా ఇచ్చేశానంటుంటే, అది విని అల్బర్టా వాళ్ళు ఫోన్ చేశారు. కోజాక్‌ని ఇస్తారట."

"కారు స్టార్టవక రాలేదయ్యా పిల్లాడు. అంతకన్నా ఏం లేదు."

"ఏదైతేనేం, బేరం బంగారంలా ఉంది. జనం కోరుతున్నదీ అదేగా. ఆ పొలం స్టాన్ అయితే మొదట్నుంచీ మొత్తుకుంటున్నాడు. తెలివైనవాడు. ఎవడో గానీ కనపడితే కాఫీ ఇప్పించాలి. మూడింటి లోపు సంతకం పెట్టేస్తా."

నోరా వీపుకు తేకే అంటారు. ఓరెస్ట్ నోరు తన వీపుకు తెచ్చినా బాగుండేది, కుర్రాడి పెట్టెకు తెచ్చింది. ఇక ఉన్నది ఒకటే దారి. స్టాన్ చెడగొట్టిన పనిని స్టానే బాగుచెయ్యాలి. గొంతు బొంగురు చేసుకుని రేడియోకి ఫోన్ కలిపాడు.

"స్టాన్‌గారూ, మీ కోసమే చూస్తున్నా" అంది కోలీన్. "మీరు కోరుకున్నదే జరుగుతోంది. ఎలా ఉంది?"

"ఇవ్వొద్దమ్మా. ఆ గోలీ బంగారం. ఎవరికీ ఇవ్వొద్దు."

"నిన్న సాయంత్రం బస్సు పోయినా కనపడదన్నారు?"

"నిన్న వేరు."

"ఏమండీ, మీరెవరో గానీ ఇది బాగాలేదు. స్టాన్‌గారంటే మా శ్రోతలకి గౌరవం. ఆయన పేరు పెట్టుకుని ఇలా మాట్లాడితే ఎలా? పెట్టేస్తున్నా."

"పెట్టకమ్మా. స్టాన్ అనేవాడే లేడు" అన్నాడు ఓరెస్ట్, తన సొంత గొంతుతో. "నేను ఓరెస్ట్ బాబిక్‌ని. పోస్టాఫీసు ఓరెస్ట్. ఆ గోలీ మా ఇంట్లోనే ఉంటాడు. నీకు దొంగచాటుగా ఫోన్ చెయ్యడానికి వాడి కారు తీగ నేనే పీకాను, అందుకే ప్రాక్టీసుకి రాలేదు. వాడు వెళ్ళిపోతాడంటే నా వల్ల కావట్లేదమ్మా. మెక్‌ఫీ వింటుంటే చెప్తున్నా, వాణ్ణి ఇవ్వొద్దు."

ఆ రేడియో పళ్ళ డాక్టరు గదిలోనూ మోగుతోంది. పళ్ళ డాక్టరు చేతిలో మిషను ఆగిపోయింది. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషి అలాగే తల తిప్పి డార్లీన్ వైపు చూశాడు. డార్లీన్ లేచి కోటు వేసుకుంది.

"అయితే ఓరెస్ట్‌గారూ" అంది కోలీన్ మెల్లగా, "ఆ ఎడమ భుజం సంగతి కూడా అబద్ధమేనా?"

అబద్ధమని ఒక్క మాట అంటే సరిపోయేది. పేరు మార్చాడు, గొంతు మార్చాడు, కట్టుకున్న పెళ్ళాం దగ్గర దాచాడు. కానీ హాకీ విషయంలో అబద్ధం ఆడటం ఓరెస్ట్ వల్ల కాలేదు.

"అది మాత్రం నిజమేనమ్మా" అన్నాడు. "కానీ..."

కానీ తర్వాత ట్రాక్టర్ల ప్రకటన వచ్చింది.

వెనక్కి తిరిగేసరికి షెడ్డు గుమ్మంలో కీగన్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ లోపలికెళ్ళి వంటింట్లో చెరో కుర్చీలో కూర్చున్నారు. డార్లీన్ వచ్చి, మొగుడి మొహం కూడా చూడకుండా కీగన్ పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ గడియారం వంకా, గుమ్మం దగ్గర పెట్టె వంకా చూస్తూ ఉండిపోయారు. మూడు కొట్టింది. ఫోన్ మోగింది. మెక్‌ఫీ గొంతు ముగ్గురికీ వినపడింది.

"కొంప ముంచావు కదయ్యా ఓరెస్ట్. సంతకానికి కలం తీశాను. అల్బర్టా మేనేజరు మన రేడియో వింటున్నాట్ట. ఎవడో పొలంవాడు వాగుతున్నాడని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదట. ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టేవాడు, వాడు పోతే బతకలేనని ఏడుస్తూ కూడా ఎడమ భుజం గుడ్డిదేనన్నాడంటే ఇక నమ్మక చస్తామా అన్నాడు. కోజాక్‌ని ఇవ్వనన్నాడు. మిగతా జట్లకి చేస్తే ఒక్కడూ ఫోనెత్తలేదు."

డార్లీన్ కీగన్‌ని కావలించుకుని ఏడ్చేసింది. "నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు నాన్నా."

"అంటే నన్నెవరూ కావాలనలేదా?"

"ఒక్కడంటే ఒక్కడూ కావాలనలేదు" అంది డార్లీన్, పట్టరాని సంతోషంతో.

కీగన్ దుఃఖపడాలో సంతోషపడాలో తేలక, లేచి పెట్టె కింది గదిలో పడేసి వచ్చి, క్యాబేజీ చుట్టల గిన్నె ముందుకు లాక్కున్నాడు. "ఎడమ భుజం మాట నాతోనే చెప్పుండొచ్చుగా బాబిక్‌గారూ. రెండేళ్ళ నుంచీ ఎదురుగానే కూర్చుంటున్నా."

"తింటున్నప్పుడు ఎలా చెప్పనురా" అన్నాడు ఓరెస్ట్, తనూ ఓ క్యాబేజీ చుట్ట తీసుకుంటూ. "రేపు రింకుకి నేనూ వస్తా, చూపిస్తా."

"ముందు నేను చెప్పేది విను" అంది డార్లీన్, మొదటిసారి మొగుడి వైపు తిరిగి. "వస్తూ వస్తూ కారులోంచి నేనూ ఓ బేరం చూశా. నిన్ను తీసుకుంటుందేమోనని మా అక్కని అడిగా. బదులుగా తనేమీ ఇవ్వక్కర్లేదని కూడా చెప్పా. వద్దంది. మార్విన్ని అడిగితే వాడి పెళ్ళాం ఫోన్ లాక్కుని పెట్టేసింది."

ఆ ఏడు గడువు దాటేసరికి హార్ట్‌వెల్‌లో ఎవరూ తీసుకోనివాళ్ళు ఇద్దరు మిగిలారు, ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తింటున్నారు.