కదలని కారుకి కొత్త బ్రేకులు

పాత కారుకి బ్రేకులెందుకండీ? సస్పెన్షన్ ఎందుకు? కోనసీమలో ఇప్పుడు పాత కారు చేయాల్సిన పని ఒక్కటే, కదలకుండా నిలబడడం! ప్రీ వెడ్డింగ్ షూట్ అనే మహోపకారం మనకి దక్కాక కూడా కార్లలో ప్రయాణాలు చేసే అజ్ఞానులున్నారంటే నాకు జాలేస్తుంది.

ఒకప్పుడు నేనూ అజ్ఞానినే. కొత్తపేటలో మా ఇంట్లో మావగారి నాటి ఫియట్ ఒకటుంది. గుంటలో పడితే మా ఆవిడ సూర్యావతి తల టాపుకి తగిలేది. బ్రేకు నొక్కితే, ఆగాలా వద్దా అని కారు కాసేపు ఆలోచించుకునేది. "నడుం పోతోందండీ, నేను బస్సులో వస్తాను" అని ఆవిడ ఎక్కడం మానేసింది. వాళ్ళ నాన్న కారు తనే ఎక్కలేకపోతున్నానని ఆవిడకి లోపల దిగులు.

అందుకని రావులపాలెంలో మెకానిక్ అబ్రహాము గారికి అప్పగించాను. ఆయన వెనక స్ప్రింగు పట్టీలు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు షూలు అన్నీ మార్చారు. "ఇంక అమ్మగారు నిద్దరోవచ్చండి, ఆయ్!" అన్నారు.

నిజంగానే మొదటి ప్రయాణంలో ఆవిడ కునుకు తీసింది. కాలవ గట్టు మీద మలుపు తిరిగేసరికి, బారెడు తోకున్న గౌనుతో ఓ కాబోయే పెళ్ళికూతురు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది. బ్రేకు నొక్కాను. కారు ఆగింది! షైనీ అట ఆ అమ్మాయి పేరు. ప్రాణం దక్కినందుకు దణ్ణం పెడుతుందనుకున్నాను.

"అంకుల్, కారు భలే క్యూట్‌గా ఉందండీ! ఒక్క ఫోటో!" అంది.

ఆ ఒక్క ఫోటో ఊరూరా పాకింది. ఇక మా వాకిట్లో జంటలే జంటలు! ఒకరు బానెట్ మీద, ఒకరు డిక్కీ మీద. ఒకాయనైతే టాపు మీద అరటిగెల పెట్టించాడు, నేచురల్‌గా ఉంటుందట! "స్టార్ట్ చేయకండి సార్, పొగొస్తే మేకప్ పోద్దండి" అని నాకే జాగ్రత్తలు. ఎంత లాభమో చూడండి! పెట్రోలు ఖర్చు లేదు, టైరు అరగదు. కొత్త స్ప్రింగుల మీద కారు సుఖంగా నిలబడుతుంది, మేం ఆర్టీసీ బస్సులో నిలబడతాం.

మొన్న ఆదివారం అమలాపురంలో మా చెల్లెలింటికి బయలుదేరాం. సూర్యావతి ముందు సీట్లో కూర్చుంది. అంతలో ఫోటోగ్రాఫర్ శ్యామ్ సుందర్ ఓ జంటతో వచ్చి, "ఐదే నిమిషాలండి" అన్నాడు. జంట వెళ్ళి డిక్కీకి ఆనుకుంది. అతను కెమెరాలోంచి చూసి చెయ్యి ఊపాడు.

"మేడమ్ గారూ, మీరు కొంచెం దిగుతారేంటండీ? ఫ్రేములో పడతన్నారు."

సూర్యావతి దిగలేదు. తలుపు గట్టిగా వేసుకుంది. "మా నాన్న కారు బాబూ ఇది" అంది అతనితో. "పోనివ్వండి" అంది నాతో.

పోనిచ్చాను. డిక్కీకి ఆనుకున్న జంట గాలికి ఆనుకుంది! అద్దంలో చూస్తే ఇద్దరూ పడిపోకుండా ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. ఫోటో చాలా సహజంగా వచ్చిందని తర్వాత విన్నాను.

చెల్లెలిల్లు వచ్చినా సూర్యావతి ఆపమనలేదు. అల్లవరం కూడా దాటేశాం.

"ఇంక ముందు సముద్రమేనే" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకుంటోంది.

"బ్రేకులున్నాయి కదండీ, పోనివ్వండి."