తెల్లవి ఆడి గెలవాలి

మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో నిప్పు, చక్రం, లిపి తరువాత నాలుగో స్థానం చెకర్స్ సమస్యదేనని దిగువ కృష్ణా చెకర్స్ సమస్యా రచయితల సంఘం తన నియమావళి మొదటి పేజీలోనే ప్రకటించింది. (ఆ పేజీ రాసిన ఉపసంఘంలో నేనూ ఉన్నాను. మూడో స్థానం కోసం పట్టుబట్టాను గానీ, లిపి లేకపోతే నియమావళి ఎలా రాస్తారని మిగతావాళ్లు అడిగారు.)

చెకర్స్ ఆడటం వేరు, సమస్య కూర్చడం వేరు. ఆడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కూర్చేవాళ్లం బందరు, గుడివాడ, దివిసీమ అన్నీ కలిపితే పదకొండు మందిమి. చదరంగం బల్ల లాంటి గళ్ల మీద నాలుగు తెల్లకాయలు, నాలుగు నల్లకాయలు పెట్టి, కింద ‘తెల్లవి ఆడి గెలవాలి’ అని రాస్తాం. తెల్లవి ఎప్పుడూ కింది నుంచి పైకే నడవాలి. పై అంచు చేరిన కాయ రాజవుతుంది. గెలిచే దారి ఒక్కటే ఉండాలి. ఎవరైనా రెండో దారి చూపించారంటే ఆ సమస్య పని అయిపోయినట్టే. ఇంతకన్నా పనికిరాని పని ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. పందొమ్మిదేళ్లుగా ఇదే చేస్తున్నాను.

పందొమ్మిదేళ్లలో నాకు ఒక్క బహుమతీ రాలేదు. ఒకసారి ప్రోత్సాహక బహుమతి ప్రకటించారు గానీ, సభలోనే టీ ఇచ్చే అతను కప్పులు పంచుతూ రెండో దారి చూపించాడు.

నియమావళిలోని ఇరవై మూడో నియమం ప్రకారం, వరుసగా ఇరవై ఏళ్లు బహుమతి రాని సభ్యుణ్ణి రచయితల జాబితాలోంచి తీసి ప్రేక్షకుల జాబితాలో చేరుస్తారు. ప్రేక్షక సభ్యుడు సమావేశానికి రావచ్చు, టీ తాగవచ్చు, నోరు తెరవకూడదు. నవ్వితే నవ్వండి, నాకు మాత్రం భయం పట్టుకుంది. నేను బీమా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అక్కడ నన్ను అందరూ ‘ఆ మూల సీటాయన’ అంటారు. ఏడాదికి ఒక్క రోజు, గుడివాడలో జరిగే సంఘం సభలో పది మంది మాత్రం ‘రచయితగారూ’ అని పిలుస్తారు. ఆ ఒక్క పిలుపు కూడా పోతే నేను మూల సీటాయనగానే మిగిలిపోతాను.

అందుకని ఇరవయ్యో ఏడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాను. నెల రోజులు భోజనాల బల్ల నాదే. నా భార్య స్వర్ణలత, స్కూల్లో లెక్కల టీచరు, ఆ నెలంతా కంచం ఒళ్లో పెట్టుకుని తింది. చివరికి సమస్య కుదిరింది. తెల్లకాయలు పై అంచుకి రెండే అడుగుల దూరంలో ఉంటాయి, ఐదు ఎత్తుల్లో గెలుపు. నా మటుకు నాకు అది ముత్యంలా కనిపించింది.

పంపడం అసలు ఘట్టం. నియమం ప్రకారం సమస్యకు రెండో దారి లేదని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. మన ప్రాంతంలో గెజిటెడ్ సంతకం కావాలంటే మనుషుల డాక్టరు దొరకడు, పశువుల డాక్టరే దిక్కు. గూడూరు వైపు ఒక పశువైద్యశాలలో వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక చూడి గేదె, వెనక ఒక మేక. డాక్టరు లక్ష్మీప్రసన్నగారు తల ఎత్తకుండానే అడిగారు.

“ఎన్ని రోజుల నుంచండీ?”

“పందొమ్మిదేళ్ల నుంచండీ.”

ఆవిడ తల ఎత్తి, నా చేతిలో కాగితం చూశారు. “ఇది చెకర్స్ కదండీ! నాకు ఆడటం రాదే.”

“రాకపోవడమే మంచిదండీ. వస్తే రెండో దారి వెతుకుతారు.”

ఆవిడ రెండో దారి లేదని ధ్రువీకరించి సంతకం పెట్టారు. మేక నా కాగితం అంచు కొద్దిగా తిన్నది. (దానికి వేరే అఫిడవిట్ ఇవ్వవలసి వచ్చింది.)

తరువాతది పోర్టల్. పదకొండు మందికి పోర్టల్ ఎందుకంటే, చేతిరాత చూసి ఎవరి సమస్యో న్యాయనిర్ణేత గుర్తుపట్టేస్తున్నారని. పోర్టల్లో పేర్లు కనిపించవు, నంబర్లే. సమస్యను పెడనలో అద్దిన సంఘం వారి గళ్లగుడ్డ మీద పేర్చి, ఫొటో తీసి పెట్టాలి. ఆ గుడ్డకి పైన ఏ లతలున్నాయో కిందా అవే లతలు. ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుందని మేమే అలా అద్దించాం. ఫొటో ఎక్కించగానే ‘మీ చిత్రం సరిదిద్దబడినది’ అని వచ్చి, పక్కన పచ్చ టిక్కు పడింది. ఏం సరిదిద్దారో అడగాలని నాకు తోచలేదు. ఆఫీసుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి, పచ్చ టిక్కు కనిపిస్తే దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకుంటాను.

రెండు నెలల తరువాత కబురొచ్చింది. ప్రథమ బహుమతి నాకే. స్వర్ణలత ప్రార్థన చేసి, పట్టుచీర కట్టుకుని, నాతో గుడివాడ వచ్చింది.

సభలో సంఘం అధ్యక్షులూ న్యాయనిర్ణేతా అయిన రిటైర్డు హెడ్మాస్టరు చలపతిరావుగారు నిర్ణయం చదివారు. “గమ్యానికి ఐదడుగుల దూరంలో ఉన్న కాయలతో, పదకొండు ఎత్తుల్లో, ఎక్కడా తొందరపడకుండా గెలుపు సాధించిన ఈ సమస్యలో ఏళ్ల తరబడి చేసిన తపస్సు కనిపిస్తోంది!” అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఐదడుగులేమిటి, పదకొండు ఎత్తులేమిటి అని అనుమానం వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది.

సభలో పంచిన కాగితం చూసి స్వర్ణలత నా చెవిలో అంది. “ఏవండీ, ఇది మనది కాదు.”

“నంబరు మనదే కదా.”

“నంబరు మనదేనండీ. బొమ్మ తలకిందులుగా ఉంది. నెల రోజులు దీన్ని చూస్తూ అన్నం తిన్నాను, నాకు తెలీదా?”

నిజమే. పోర్టల్ నా ఫొటోని తలకిందులు చేసింది. పైకి చేరబోతున్న కాయలు కిందికొచ్చి, మొదటి నుంచి నడక మొదలుపెట్టాయి. అది వేరే సమస్య. నేను కూర్చలేదు. ఎవరూ కూర్చలేదు. అయినా అందులో గెలుపు ఉంది, ఒకే దారి ఉంది, నాకు జన్మలో రాని ఓపిక కూడా ఉంది.

నేను వేదిక వెనక్కి వెళ్లి మాస్టారికి ఉన్న సంగతి చెప్పాను.

“తిప్పితే ఏమైందోయ్? కాయలు నువ్వు పెట్టినవేగా?” అన్నారాయన.

“కాయలు నావేనండీ. ఆలోచన నాది కాదు.”

“ఆలోచనకి పోర్టల్లో గడి లేదు శ్యాంబాబూ. నీకు అభ్యంతరం ఉంటే ఫారం ఏడు నింపు. దానికి ఈ సమస్య పరిష్కారం జతచేయాలి. తెలుసా నీకు?”

“తెలీదండీ.”

“బహుమతి తీసుకునేవాడికి తెలిసి తీరాలని నియమం లేదు. అభ్యంతరం చెప్పేవాడికే తెలియాలి. వెళ్లి కూర్చో, శాలువా వస్తోంది.”

శాలువా వచ్చింది. పది మంది వరసగా ‘రచయితగారూ’ అన్నారు. అంత సిగ్గుపడుతూ అంత సంతోషపడిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు. బందరులో బస్సు దిగాక స్వర్ణలత, “అసలుది బాగుంటుందండీ, నాకు అదే ఇష్టం,” అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నెల రోజుల నా కష్టాన్ని ఈ లోకంలో ఆవిడ తప్ప ఎవరూ చూడలేదు.

అందుకే మరుసటి ఏడు ఆ అసలు సమస్యనే మళ్లీ పంపాను. ఈసారి గుడ్డ పై అంచున ‘ఇది పైభాగం’ అని చీటీ అంటించి ఫొటో తీశాను. పోర్టల్ దాన్ని ముట్టుకోలేదు. నా సమస్య, నేను కూర్చినది కూర్చినట్టుగా, పేరు లేకుండా, నంబరుతో, మాస్టారి ముందుకి మొదటిసారి వెళ్లింది.

పోయిన వారం నిర్ణయం వచ్చింది. “తిరస్కరించడమైనది. నిరుడు ప్రథమ బహుమతి పొందిన సమస్యను తలకిందులు చేసి, దాని లోతు తెలియక పాడుచేశారు. అయినా ఈ రచయిత నిరుత్సాహపడనక్కరలేదు. శ్యాంబాబుగారి దగ్గర కొన్నాళ్లు కూర్చుని నేర్చుకుంటే బాగుపడే అవకాశం ఉంది.”