ఎర్ర దొర తొట్టిలో రెండో చేప

బుడబుడమంటూ అహర్నిశలూ నీటికి ఊపిరులూదే గాలిపంపు తల్లీ, నా గొంతులోకీ కాస్త గాలి పంపు! ఆదివారం పగలు పదకొండు గంటల వేళ, మూడో అంతస్తు ఫ్లాటులో, టీవీకి ఎడమపక్కన, నాలుగడుగుల పొడవూ అడుగున్నర వెడల్పూ గల గాజు భూమండలాన్ని ఏకచ్ఛత్రంగా ఏలుతున్న రక్తవర్ణ దేహుడు, ఉబ్బెత్తు లలాటుడు, పుచ్ఛాస్ఫాలన భీకరుడు, స్వపర భేదమెరుగని మీనకులాంతకుడు, జానెడు పొడవున్న సిక్లిడ్ చేప, ఎర్ర దొర, తన రాతిగుహ ముందు పహరా తిరుగుతుండగా, అక్కడికి గజం దూరంలో సోఫా మీద గోళ్ళు కొరుక్కుంటున్న మహావీరుడి కథ చెబుతాను. వినండి. వినకపోతే మీ ఖర్మ.

వీరుడెవరంటారా? ఆ అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ. అరవై నాలుగు ఫ్లాట్ల తగాదాలను ఒకే ఒక్క దివ్యాస్త్రంతో తీర్చే ధర్మమూర్తి. పైవాడి స్నానాలగది నీళ్ళు కిందివాడి మంచం మీద కారితే, "సర్దుకుపోండి." ఒకడి కారు ఇంకొకడి స్కూటర్ని గోడకు నొక్కేస్తే, "సర్దుకుపోండి." ఈ మాట ఎప్పుడూ కిందివాడికీ స్కూటరువాడికే చెప్పాడు తప్ప పైవాడికి చెప్పిన పాపాన పోలేదు. ఇలాంటి పెద్దమనిషి చేతిలో ఒక రాజ్యం పెడితే ఏమవుతుందో ఆ తొట్టిని చూస్తే చాలు.

ఒంటరిగా ఉంచితే దొర గాజులో కనిపించే తన నీడతోనే యుద్ధానికి దిగి మూతి పగలగొట్టుకుంటున్నాడు. తోడు వేస్తే తోడును చంపుతున్నాడు. మొదట గోల్డ్‌ఫిష్ జంట వచ్చింది. మందగమనులు, సువర్ణ కుంభోదరులు, ఎవరి జోలికీ పోని దంపతులు. భోజనాల వేళకు తొట్టిలో దిగారు, టీ వేళకు లేరు. తర్వాత పట్టుతెరల్లాంటి రెక్కలతో ఏంజెల్ చేప వచ్చింది. ఆ తెరలు ఒక్కరోజులో పీలికలయ్యాయి. అప్పుడు మన వీరుడి బుర్రలో మహోజ్జ్వల జ్యోతి వెలిగింది. "వాడి జాతివాడైతే వాడితో కలుస్తాడు" అని అచ్చం అదే ఎరుపు, అదే నుదురు, అదే పొగరున్న మరో సిక్లిడ్‌ను తెచ్చి గుమ్మరించాడు. దొర తన ఊళ్ళోకి ఇంకో దొరను రానిస్తాడటయ్యా, ఓ దద్దమ్మా! మూడు గంటలు సాగింది ఆ పోరు.

ఆ కొత్త దొర శవాన్ని వలతో తీసింది ఆయన భార్య. ఆసుపత్రిలో వార్డు సిస్టరు.

"ఇదే ఆఖరు. ఇంకొక్క చేప తేలిందంటే మీ దొరని తీసుకెళ్ళి షాపులో ఇచ్చేసి వస్తా."

"అంత మాటనకు. నేను గుమ్మంలోకి రాగానే పరుగెత్తుకొచ్చేది వాడొక్కడే."

అది నిజం. ఆ భవనంలో సెక్రటరీ అడుగుల చప్పుడు వింటే అరవై మూడు తలుపులు మూసుకునేవి. ఎదురొచ్చే మొహం ఆ ఎర్ర మొహం ఒక్కటే. వాడూ పోతే ఆయనకు ఎదురొచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు.

కనుక ఆదివారం నాడు, ఐదో ప్రాణి వేటకై, దంపతులిద్దరూ చేపల షాపుకు దండయాత్ర వెళ్ళారు. షాపాయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఓ పసుపుపచ్చ బుల్లి చేపను చూపించాడు.

"ఇది వేయండి సార్. రెండు రోజులు కొట్టుకుని సర్దుకుపోతాయి."

తన దివ్యాస్త్రాన్ని పరుల నోట విని వీరుడి వదనం వికసించింది. భార్య వదనం వికసించలేదు.

"ఎవరు సర్దుకుపోవాలి?"

"కొత్తదే మేడం. పాతదానికేం పట్టింది?"

"ఇప్పటిదాకా అన్నీ కొత్తవే సర్దుకున్నాయి. శుభ్రంగా చచ్చి సర్దుకున్నాయి. వాడి నోట్లో పట్టనిది చూపించు. ఎరుపు వద్దు, వాడి పోలికలు అసలొద్దు. వాడు తిరిగే చోట తిరక్కూడదు."

షాపాయన పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. బేరం బుద్ధిమంతుల చేతిలో పడిందని తెలిసినట్టుంది.

"అలాగైతే ఈ సక్కర్ చేప ఉంది మేడం. అడుగున పడుండి పాచి నాకుతుంది. ఒళ్ళంతా పెంకు, పట్టుకుంటే మన చెయ్యే గీరుకుపోద్ది. కాకపోతే చూడ్డానికి బాగోదు."

"నాకేం పెళ్ళిచూపులా? కట్టు."

జానెడున్నర పొడవు, బురదరంగు, వజ్రకవచధారి, మితభాషి. సంచీలో ఇల్లు చేరింది.

సెక్రటరీ ఆ సంచీని తొట్టిపైకి ఎత్తి, సర్వసభ్య సమావేశంలో లేచినట్టు లేచి గర్జించాడు. "ఓ దోర్దండ ప్రతాపా, జలచక్రవర్తీ! వినయశీలుడైన ఈ పాచిభక్షకుణ్ణి నీ సామ్రాజ్యంలో ప్రవేశపెడుతున్నాను. ఉభయులూ పరస్పర గౌరవంతో సర్దుకు..."

"ఆ మాట పూర్తి చేశారంటే మిమ్మల్ని కూడా అందులోనే వేస్తా. ముందు రాళ్ళు సర్దండి."

"రాళ్ళా? రాళ్ళేం చేశాయే?"

"సర్దుకుపొమ్మనడం కాదు, సర్దడం. చేత్తో. మా వార్డులో కిటికీ పక్క మంచం పెద్దాయన ఒకడు, వచ్చిన ప్రతి పేషెంటునీ తిట్టి ఏడిపించేవాడు. ఓ రోజు మంచాలన్నీ మార్చి పడేశాం. వార్డంతా ఆయనకీ కొత్తే అయిపోయింది. నోరు మూతబడింది."

అంతే. దొరను వలతో పట్టి బకెట్‌లో దించారు. దిగుతూ దిగుతూ ఆయన తన సేవకుడి బొటనవేలు కొరికాడు. కొరికించుకున్నవాడు "అబ్బా" అన్నాడే గానీ వల వదల్లేదు, అది ఒప్పుకోవాలి. మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, తరతరాల గుహను కూల్చి, పలకరాయిని బోర్లించి, కుడివైపు దిబ్బను ఎడమకు తోసి, పగిలిన పూలకుండీనొకదాన్ని మూల పెట్టి, సక్కర్‌ను ముందుగా వదిలి, అరగంట ఆగి, అప్పుడు దొరను దించారు.

దించగానే దొర తన గుహ వైపు దూసుకెళ్ళాడు. గుహ లేదు. వెనక్కి తిరిగాడు. దిబ్బ లేదు. ఏ మూలకు పోయినా తన మూల కాదు. పట్టా ఏ రాయి కింద దాచావురా దొరా? నాలుగు రాళ్ళు జరిగితే జారిపోయిందా నీ ప్రతాపం? ఇన్నాళ్ళూ అందరూ దాన్ని పౌరుషమనుకున్నారు!

ఐనా కండకావరం ఊరుకోదుగా. రొమ్ము విరిచి, మొప్పలు పొంగించి, తోకతో నీటిని చీల్చుకుంటూ వెళ్ళి, పూలకుండీ దగ్గరున్న ఆ బురదరంగు వీపు మీద ఠప్పున మోదాడు. మోదినవాడి మూతే అదిరింది. మోదించుకున్నవాడు వీపు ముల్లు ఒక్కసారి లేపి, దించి, నాకుడు కొనసాగించాడు. రెండోసారి దొర తోక అంచే కాస్త చిరిగింది. మూడోసారి దొర వచ్చి, చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాడు.

సెక్రటరీకి అప్పుడు గానీ శ్వాస ఆడలేదు. "దొర ఉంటాడా?" అన్నాడు.

"ఉంటాడు," అంది భార్య. "సగం తొట్టిలో."

వినుడు సకల జనులారా! ఆ సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు, ఎర్ర దొర ఎడమవైపు పైనీటిలో తన మేత తాను మెక్కుతుండగా, కుడివైపు అడుగున ఫోర్కుకు గుచ్చి దించిన అరంగుళం మందపు కీరదోసకాయ చక్రం, తొక్క మినహా సమస్తమూ, ఒక్క ప్రాణమైనా పోకుండా, కొత్తగా వచ్చినవాడి చేత, నింపాదిగా, పూర్తిగా తినబడింది!